ఏసా ట్రాస్క్ కొట్టేసిన పంక్తి

ఏసా ట్రాస్క్‌లు ఇద్దరు, కెజాయా ట్రాస్క్‌లు ఇద్దరు. ఎవరు ఎవరికి పుట్టారో నిన్నటిదాకా ఆర్డిత్‌కి కంఠతా వచ్చు. పావుగంట కిందట ఈ కాగితం చేతికొచ్చాక మాత్రం అంతా కలగాపులగమైపోయింది. ఆమె పెన్సిలు తీసి, పసుపుపచ్చ కాగితం మీద మళ్లీ మొదటినుంచి వేసుకుంది. తండ్రి ఏసా, ఆయన భార్య కెజాయా. వాళ్లకి కూతురు కెజాయా, చాలా ఏళ్ల తర్వాత కొడుకు ఏసా. కొడుకు ఏసా ఆర్డిత్ తాతకి తాత. తండ్రి ఏసా, పెల్హామ్ కౌంటీ పుట్టిన ఏడాదే దానికి కరోనర్ అయినవాడు. ఎవరైనా ఉన్నట్టుండి చచ్చిపోతే గుర్రమెక్కి వెళ్లి, శవాన్ని చూసి, పన్నెండుమంది పంచుల్ని కూర్చోబెట్టి పంచనామా రాసే అధికారి. అంతవరకూ సరే. మరి వాగులో శవం దొరికిందని రాసిన ఈ పంచనామా ఏ కెజాయాది? కూతురిదే అయ్యుండాలి. తల్లి పాల జబ్బుతో పోయిందని ట్రాస్క్‌ల ఇళ్లలో పసిపిల్లలకి కూడా తెలుసు. అడవిలో తెల్లపూల మొక్క మేసిన ఆవు పాలు తాగి, మూడు రోజులు వణికి, నాలుగో రోజు పోయింది. ఆర్డిత్ వాళ్ల నాన్నమ్మ పాలగ్లాసు బల్లమీద పెట్టినప్పుడల్లా ఈ కథ చెప్పేది, అందుకే ఆర్డిత్‌కి డెబ్బైయొక్కేళ్లొచ్చినా పాలు గొంతు దిగవు. కానీ కాగితంలో ముప్పైనాలుగేళ్లు అని ఉంది. కాగితం రాసిన పద్దెనిమిది వందల ఇరవైమూడులో కూతురికి పన్నెండు. ముప్పైనాలుగు తల్లికి. ఆర్డిత్ వేళ్లమీద లెక్కపెట్టింది, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా వాగులో దొరికింది తల్లే.

కోర్టు భవనం నేలమాళిగలో ఈ రికార్డు గదికి ఆమె రెండేళ్లుగా వస్తోంది, ఇక్కడి బల్లమీద ఏ మూల గీత పడి ఉందో కూడా తెలుసు, అయినా ఇవాళ గది కొత్తగా ఉంది, ఎవరో అన్నీ ఒక అంగుళం జరిపి పెట్టినట్టు. పైకప్పు బాగుచేసేవాళ్లకి గడియారం గోపురం కింద పాత కాగితాల రేకుపెట్టె ఒకటి దొరికిందట. నిన్న ఈ గది చూసుకునే గుమాస్తా వాండా ఫోన్ చేసి, "ఆర్డిత్ గారూ, మీ తాతగారు అటకమీంచి దిగొచ్చారు, వచ్చి తీసుకెళ్లండి" అంది. వాండాది ఎప్పుడూ అదే వరస. ఆర్డిత్ ముప్పైయొక్కేళ్లు బడి వంటశాలలో పిల్లలకి వడ్డించింది, అప్పుడు పళ్లెం పట్టుకుని ఇంకో ముక్క వెయ్యమని వేధించిన పిల్లే ఈ వాండా. ఇప్పుడు జుట్టుకి రంగేసుకుని, మెళ్లో తాళాల గుత్తి వేలాడేసుకుని, గది ఆ చివర కూర్చుని ఉంది. వచ్చీరాగానే చెప్పేసింది, "పన్నెండింటికి తాళం వేసేస్తాను, తర్వాత నన్ననకండి. మా ఆయన ఇవాళ భోజనం తను పెట్టిస్తానన్నాడు. ఆయనకి ఆ బుద్ధి ఏడాదికోసారి పుడుతుంది, పాడు చేసుకోలేను." ఇప్పుడు పదకొండుంబావు. కౌంటీకి రెండొందలేళ్లు నిండుతున్నాయని పుస్తకం వేస్తున్నారు, తొలినాటి అధికారులకి తలో పేజీ, కరోనర్ పేజీ ఆర్డిత్ వంతు. కమిటీ పెద్ద ఫిల్‌పాట్ గారు శుక్రవారంలోగా కావాలన్నాడు. హాయిగా చదువుకునేలా ఉండాలి సుమండీ, అని కూడా అన్నాడు. హాయిగానే రాసింది ఆమె. ఏసా వర్జీనియానుంచి రావడం, గుర్రం, మొదటి కర్రల జైలు, పాల జబ్బు. అంతా రాసి, మంచి కాగితం మీద ఎత్తి కూడా పెట్టుకుంది.

కాగితం గోధుమరంగు, నాలుగు మడతలు, మడతల దగ్గర చిల్లులు. రాత ఏసాదే, అనుమానం లేదు. రెండేళ్లుగా ఆ రాత చదివి చదివి, ఆయన పెద్దక్షరాల తోకలు ఎటు తిప్పుతాడో కూడా ఆమెకి తెలుసు. భార్య పంచనామా భర్తే రాసుకుంటాడా? రాయొచ్చా? షెరీఫ్‌నో ఇంకెవర్నో పిలవరా? లిక్ వాగు ఒడ్డున, కెజాయా ట్రాస్క్ శవాన్ని చూసి, పంచులు ప్రమాణం చేసి చెప్పినదేమనగా, నీళ్లకని వెళ్లి, కాలు జారి, ప్రమాదవశాత్తూ. మధ్యలో ఒక పంక్తి కొట్టేసి ఉంది. ఊరికే గీత గీసి కొట్టేయడం కాదు, కలం ముంచి ముంచి, ఒక్కో అక్షరం మీదా పాముకుంటూ పోయి, కాగితం చిరిగేదాకా. మిగతా కాగితాల్లో ఏసా తప్పురాస్తే సన్నటి గీత ఒకటి గీసి పక్కన దిద్దుకునేవాడు, ఎంత శుభ్రమైన మనిషి. ఆర్డిత్ కాగితాన్ని ఎత్తి ట్యూబులైటుకేసి పట్టుకుంది. "అయ్యయ్యో, అలా పట్టుకోకండి, చేతిలోనే పొడైపోతుంది" అంటూ వాండా పరిగెత్తుకొచ్చి, చిన్న చేతిదీపం తెచ్చి కాగితం పక్కగా వెలుతురు పడేలా పట్టింది. సిరాకింద సిరా కొద్దికొద్దిగా లేచింది. కొన్ని వారాలుగా, అని ఉంది. తర్వాత రెండు మాటలు పోయాయి. తర్వాత, మనసు. తర్వాత ఏదో. వాండా కూడా వంగి చదివింది.  "దీపం ఇక్కడే పెడతాను, ఉంచుకోండి" అని మాత్రం అని తన కుర్చీకి వెళ్లిపోయింది.

అంటే పాల జబ్బు కాదు. అంటే కాలు జారడం కూడా కాదేమో. నిజంగా కాలే జారి ఉంటే ఇంట్లోవాళ్లు కాలు జారిందనే చెప్పుకోవచ్చుగా, అందులో సిగ్గేముంది, మళ్లీ పాల జబ్బెందుకు? ఒకదానిమీద ఒకటి రెండు దుప్పట్లు కప్పినట్టు. మొదటిది ఊరికోసం, రెండోది పిల్లలకోసం కాబోలు. లేక ఆర్డిత్ మనసే ఏదేదో అల్లుకుంటోందేమో, కొట్టేసిన దాంట్లో ఇంకేదో ఉందేమో, కొన్ని వారాలుగా వానలు పడి ఒడ్డు మెత్తబడిందనీ, మనసు అన్నది మనసు కాక ఇంకేదో మాటలో ముక్కనీ. ఆమెకి ఎటూ పాలుపోలేదు. చేతిసంచీలో ఫోన్ బుర్రుమంది. మార్లా. కూతురే, చూడకుండానే తెలుసు. పొద్దున్నుంచి మూడోసారి. తీయాలి. తీస్తే ఏం చెప్పాలి? నిన్న చెప్పిందే చెప్పాలి, నిన్న చెప్పింది అబద్ధం. కాదు, అబద్ధమని ఎలా అంటారు, వాళ్లింటి ఇంకో కాగితం మీద ప్రమాదమనే ఉంది, కౌంటీ ముద్రతో ఉంది, ఇదే భవనంలో, బహుశా ఇదే గదిలో, ఆ గోడవారనున్న బీరువాల్లో ఎక్కడో ఉంది. రెండేళ్లుగా ఆ వరసకేసి ఆమె ఒక్కసారీ వెళ్లలేదు. పంతొమ్మిది వందల అరవైనాలుగు. ఫోన్ ఆగిపోయింది.

నిన్న మార్లా గొంతు బొంగురుపోయి ఉంది. మార్లా కూతురు టెస్సాని ఆస్పత్రిలో చేర్చి మూడు రోజులు. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఏ జ్వరమూ లేదు, దెబ్బా లేదు, ఎందుకు చేర్చారంటే మార్లా సరిగ్గా చెప్పలేదు, ఆర్డిత్ సరిగ్గా అడగనూ లేదు, ఇద్దరికీ తెలుసు. "వాళ్లు కుటుంబ చరిత్ర అడుగుతున్నారమ్మా" అంది మార్లా. ఆర్డిత్ తల నిండా ట్రాస్క్‌లే ఉండటంవల్ల, "ఏసా దగ్గర్నుంచా?" అని అడిగింది. దేవుడా, నిజంగా అలాగే అడిగింది. "ఏసా ఎవరమ్మా! నీ పుస్తకం సంగతి కాదు. కాగితం ఇచ్చారు నింపమని. మనింట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా, ఎవరైనా తమంతట తాము ప్రాణం తీసుకున్నారా అని. మందేది ఇవ్వాలో, పిల్లని ఎన్నాళ్లుంచుకోవాలో దాన్నిబట్టి చూస్తారట. మా అత్తగారిని అడిగాను, కెవిన్ వైపు ఎవరూ లేరంది. మనవైపు?" మనవైపు. ఆర్డిత్ చేతిలో అప్పుడు గిన్నె తుడిచే గుడ్డ ఉంది, దాన్ని పిండింది, మడిచింది, కొళాయిమీద ఆరేసింది. "లేరు" అంది. "నాకు తెలిసి లేరు." మార్లా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ ఊపిరి వదలడం కోసమే కదా అలా చెప్పింది. "సరే అయితే, రేపు మధ్యాహ్నం డాక్టరుతో కూర్చుంటున్నాం, అలాగే రాసేస్తాను" అంది. రేపంటే ఇవాళ. మధ్యాహ్నమంటే ఎప్పుడు, పన్నెండా ఒంటిగంటా, అడగలేదు. డెబ్బైయొక్కేళ్ల మనిషి, తాతకి తాత పెళ్లి ఏ తేదీన అయిందో చెప్పగలదు, కూతురు ఎన్నింటికి డాక్టర్ని కలుస్తుందో చెప్పలేదు.

ఆమె పంచనామా కాగితం తిప్పింది. తిప్పకుండా ఉంటే బాగుండేదేమో. వెనక పంచుల గుర్తులున్నాయి, ఎనిమిది సంతకాలు, నాలుగు ఇంటూ గీతలు, వాటి కింద ఏసా రాతలోనే, ఈసారి చాలా చిన్నగా, సాక్షి: మృతురాలి కూతురు కెజాయా, పన్నెండేళ్లు, తల్లి కాలు జారడం తాను కళ్లారా చూశానని చెప్పినది. ఇక ఎవరూ చూళ్లేదు. పన్నెండుమంది మగవాళ్లు ప్రమాణం చేసి చెప్పిందంతా ఈ పిల్ల ఒక్క మాటమీద నిలబడి ఉంది. ఆ పిల్లని ఒడ్డున నిలబెట్టే అడిగారా, ఇంటికి తీసుకొచ్చి అడిగారా, అడిగింది నాన్నగానా, కరోనరుగానా? ఏమని అడిగాడు? ఏం చూశావమ్మా అన్నాడా, లేక కాలు జారింది కదమ్మా అన్నాడా? ఆ రెంటికీ ఎంత దూరం.   వంటగది వాసన వచ్చింది, పండిన పెర్సిమన్ పళ్ల వాసన, తియ్యగా, కాస్త కుళ్లినట్టుగా, ఇక్కడెక్కడా లేని వాసన.

అరవైనాలుగు అక్టోబరు అది. అమ్మ పళ్లు జల్లెడమీద రుద్దుతోంది, మోచేతులదాకా నారింజరంగు గుజ్జు, కడుక్కోవడం మర్చిపోయింది, రోజంతా అలాగే ఉండిపోయింది. క్లెటస్ బోమన్ గారు కుర్చీ అంచున కూర్చున్నాడు, టోపీ మోకాలిమీద పెట్టుకుని. ఆయనే కరోనరు, శవపేటికల దుకాణం కూడా ఆయనదే, ఆదివారాలు చర్చిలో వాళ్ల వెనక వరసలో కూర్చుని పెద్దగా పాడేవాడు. నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కొట్టాన్ని చూస్తున్నాడా, చూడకుండా ఉన్నాడా, ఆయన వీపే గుర్తుంది. వెండెల్ పోయి మూడు గంటలైంది. అన్న వెండెల్‌కి ఇరవై. వసంతంలో కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చేశాడు, ఎందుకని అడిగితే భుజాలెగరేశాడు, వేసవంతా పగలు పడుకుని ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు, నాన్న అతని మంచం కాలిని బూటుతో తన్ని, "మగపుటక పుట్టావురా, లే" అనేవాడు. నాన్న చెడ్డవాడు కాదు. నాన్నకి అంతకంటే వేరే మాటలు రావు. "క్లెటస్, వాడి తల్లి రేపు చర్చికి తలెత్తుకుని వెళ్లాలి, అది చూసుకుని రాయి" అన్నాడు నాన్న. అన్నాడా? యాభైనాలుగేళ్లుగా ఆ మాట నాన్న గొంతులోనే వింటోంది ఆర్డిత్, ఇవాళ ఇక్కడ కూర్చుంటే ఆ గొంతు నాన్నది కాదనిపిస్తోంది, వాడి తల్లి అనే మాట అమ్మే అని ఉండొచ్చు, కోపమొస్తే అమ్మ తన గురించి తనే వేరే మనిషిలా మాట్లాడేది. ఎవరన్నారో తెలియదు. కానీ తర్వాత బోమన్ గారు ఆమెకేసి తిరగడం తెలుసు. మెట్లమీద కూర్చుని ఉంది, పదిహేడేళ్లది, మేజోళ్లలో. "కొట్టం దగ్గరికి ముందు వెళ్లింది నువ్వే కదా అమ్మాయ్?" అన్నాడు. అవునంది. ఆ తర్వాత ఏదో అడిగాడు. అదే, అదే గుర్తురావడం లేదు. ఏం చూశావు అన్నాడా? ప్రమాదమే కదా అన్నాడా? ఆమె తలూపింది. తలూపడం మాత్రం మెడకి గుర్తుంది. చూసింది చెప్పలేదు. కొట్టం తలుపు బయట వెండెల్ బూట్లు, విడిచి, మడమలు కలిపి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి. పనిలోకి వెళ్లేవాడు బూట్లు విడిచి వెళ్లడు. ఆ బూట్లు చూసి లోపలికి వెళ్లే ముందే ఆమెకి తెలిసిపోయింది. బోమన్ గారు వచ్చేలోగా వాటిని తీసి వెనకింటి అరుగు కింద దాచింది కూడా ఆమే. ఎవరూ చెప్పలేదు దాచమని. చెప్పారా? లేదు, ఎవరూ చెప్పలేదు. ఆయన జేబులోంచి కలం తీసి రాశాడు, పొలం పనిలో ప్రమాదం, రాసి ఆమె తలమీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు, ఆ చెయ్యి బరువు దయలా ఉంది, అందరూ ఎంత దయగా ఉన్నారో ఆ రోజు.

దయేనా? ఏసా కొట్టేసింది దయతోనా? తమంతట తాము పోయినవాళ్లకి చోటివ్వని చర్చి స్థలంలో భార్యని పడుకోబెట్టుకోవడానికా, తన పరువుకా, నాలుగేళ్ల కొడుకుకా? మరి పెద్దపిల్ల మాటేమిటి, ఆ పిల్ల తర్వాత ఏమైంది? ఆర్డిత్ పసుపు కాగితం మీద వెతికింది. కూతురు కెజాయా, పెళ్లి లేదు, చావు తేదీ తెలియదు, పక్కన తను రెండేళ్ల కిందట పెట్టిన ప్రశ్నార్థకం. ఆ పిల్లకోసం ఆమె ఎప్పుడూ వెతకలేదు, ఎందుకంటే ఆ పిల్లకి సంతానం లేదు, సంతానం లేనివాళ్లతో వంశవృక్షానికి పని ఉండదు. వెండెల్ కింద కూడా ఏమీ లేదు. పుట్టినది, పోయినది, రెండు అంకెలు. మార్లాకి చెప్పింది ఏమిటి? మీ మామయ్య ఒకాయన ఉండేవాడు, పొలంలో ప్రమాదంలో పోయాడు. భర్త జీన్‌కీ అంతే, నలభైమూడేళ్లు ఒకే మంచంమీద పడుకున్న మనిషికి. ఆరేళ్లయింది జీన్ పోయి, ఇప్పుడతనికి చెప్పాలనిపిస్తోంది, ఇదేం వేళ. గడియారం పదకొండూ యాభై. ఫోన్ మళ్లీ బుర్రుమంది, సంచీలో తడుముకుంటే మాత్రల డబ్బా దొరికింది, చేతిరుమాలు దొరికింది, ఫోన్ దొరికేసరికి ఆగిపోయింది. ఆమే చేసింది. వేళ్లు రెండుసార్లు తప్పు పేరుమీద పడ్డాయి.

"అమ్మా! ఎక్కడున్నావు పొద్దున్నుంచి? డాక్టరు ఇప్పుడే వస్తున్నారు" అంది మార్లా.

"మార్లా, కాగితంమీద లేరని రాశావా?"

"రాశాను. ఏం?"

"కొట్టెయ్యి." ఆ మాట తన నోట్లోంచి వచ్చి తనకే విచిత్రంగా వినిపించింది. "కొట్టేసి, ఉన్నారని రాయి. మీ మామయ్య వెండెల్. అది ప్రమాదం కాదు. నేను చూశాను. ప్రమాదమని చెప్పింది నేనే."

 అవతల ఆస్పత్రిలో ఏదో బండి చక్రాల చప్పుడు. "నిన్న అడిగితే..." అని మొదలుపెట్టి మార్లా ఆగింది. ఆ గొంతులో కోపం ఉంది, ఉండాల్సిందే, ఆర్డిత్ దానికోసం ఎదురుచూసింది, కానీ తర్వాత వచ్చింది మార్లా గొంతు కాదు.

"అమ్మమ్మా, నేను." టెస్సా. సన్నగా, దగ్గరగా. "అమ్మ ఫోన్ అందరికీ వినపడేలా పెట్టింది. ఆయన ముందే ఎవరికైనా చెప్పాడా?"

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బోమన్ గారు అడగలేదు, నాన్న అడగలేదు, అమ్మ చచ్చిపోయేదాకా అడగలేదు. ఆర్డిత్ వాండాకేసి చూసింది. వాండా చేతిలో తాళాలగుత్తి పట్టుకుని, గోడకేసి తిరిగి, అక్కడ లేని దేన్నో శ్రద్ధగా చూస్తోంది.

"చెప్పాడు తల్లీ. నాతోనే. సెప్టెంబరులో, వెనకింటి మెట్లమీద. పొద్దున లేవాలంటే భయమేస్తోంది ఆర్డీ, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నవ్వాను. బడాయి చాల్లే, వెళ్లి కట్టెలు తీసుకురా అన్నాను. తెచ్చాడు. రెండు మోపులు తెచ్చాడు."

అవతల మార్లా ముక్కు ఎగబీల్చిన చప్పుడు. టెస్సా ఏడవడం లేదు. ఆ పిల్ల ఊపిరి తీయడం, వదలడం, మళ్లీ తీయడం ఆర్డిత్‌కి వినిపించింది, ఒక్కోటీ లెక్కపెట్టింది.

"ఇప్పుడు ఎవరైనా చెబితే నవ్వుతావా?"

"నవ్వను."

"అయితే రా. అమ్మకి చెప్పలేనివి కొన్నున్నాయి."

"నేనిక్కడే ఉన్నానే" అంది మార్లా, ఏడుపులోంచి.

"తెలుసు, అందుకే అంటున్నా" అంది టెస్సా.

ఆర్డిత్ ఫోన్ పెట్టేసేసరికి పన్నెండూ పది అయింది. వాండా వచ్చి కాగితాన్ని అట్టల మధ్య పెట్టింది, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మీ ఆస్పత్రి ఊరికి పాత రోడ్డు వద్దు, వంతెన తవ్వేశారు, పెద్ద రోడ్డు పట్టుకోండి" అంది. తర్వాత, "ఇంతకీ మీ తాతగారు మంచాయనేనంటారా?" అని అడిగింది. "తెలీదే వాండా" అంది ఆర్డిత్. "చేతిరాత మాత్రం బాగుంటుంది." ఫిల్‌పాట్ గారికి శుక్రవారం ఏమిస్తుందో కూడా తెలియదు. హాయిగా ఉండేదైతే కాదు. మెట్లెక్కి బయటికొస్తే ఎండ కళ్లలో కొట్టింది. కారు ఏ వైపు పెట్టిందో గుర్తురాలేదు. కోర్టు భవనానికి నాలుగువైపులా రోడ్డే, నాలుగువైపులా ఒకేలాంటి దుకాణాలు. ఆమె మంగలి దుకాణం వైపు నడిచింది, అక్కడ లేదు. బ్యాంకు వైపు తిరిగింది, అక్కడా లేదు. ఒకచోట ఆగి, ఇప్పటిదాకా వచ్చింది తూర్పు వైపా ఉత్తరం వైపా అని ఆలోచించింది, తేలలేదు. ఆగితే ఇంకా ఆలస్యమవుతుందని తోచి, సంచీ చంకలో బిగించుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని, మూడోవైపుకి గబగబా తిరిగింది.